విసిగించే మనిషికి మన జవాబు

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగములు: న్యాయాధిపతులు 8:1–3, న్యాయాధిపతులు 12:1–6, యోహాను 18:19–23

పరిశుద్ధ గ్రంథము దగ్గర ఉంటే న్యాయాధిపతుల గ్రంథము ఎనిమిదవ అధ్యాయము తెరచి పెట్టుకోండి. లేకపోయినా ఫర్వాలేదు, శ్రద్ధగా వినండి.

ఈ రోజు మనము ధ్యానించబోయే సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మనలను విసిగించే మనిషితో మనము ఎలా మాట్లాడాలి? మంచిగా పలకరించేవారిని మంచిగా పలకరించడానికి పెద్ద భక్తి అక్కరలేదు. ఆ మాత్రము దేవుని ఎరుగనివారు కూడ చేస్తారని మన ప్రభువే కొండమీద ప్రసంగంలో చెప్పాడు. మన విశ్వాసము ఎంతటిదో బయటపడేది మన ఓపిక అయిపోయిన చోట.

నల్లా దగ్గర అందరూ వరుసలో ఉంటే తన మూడు బిందెలు ముందు పెట్టే పొరుగామె ఉంటుంది. ఎన్నిసార్లు వెళ్లినా తల ఎత్తకుండానే “మల్ల రాపో” అనే గుమాస్తా ఉంటాడు. పొద్దటినుండి ఒకే ప్రశ్న పదిసార్లు అడిగే ముసలి తండ్రి ఉంటాడు. గెట్టు దగ్గర ప్రతి వానకాలము జానెడు జరిగే అన్నదమ్ముడు ఉంటాడు. సంఘములో ఏ పని మొదలుపెట్టినా తప్పు తీసే పెద్దమనిషి ఉంటాడు. ప్రియులారా, ఇంతలోనే మీ కళ్ల ముందు ఒక ముఖము కనిపించి ఉంటుంది. ఆ ముఖమును అట్లాగే మనస్సులో ఉంచుకొని వాక్యము వినండి.

గిద్యోను సంగతి మీకు తెలుసు. ఏడు సంవత్సరములు మిద్యానీయులు ఇశ్రాయేలీయుల పంటను దోచుకున్నారు. గిద్యోను గోధుమలను గానుగచాటున దాచి దుళ్లగొట్టుకునే రోజులవి. దేవుడు అతనిని పిలిచి, మూడు వందల మందితో గొప్ప జయమిచ్చాడు. యుద్ధము ఇంకా ముగియలేదు, శత్రువుల రాజులు ఇంకా దొరకలేదు. అలసిపోయి తరుముతున్న ఆ సమయములో ఎఫ్రాయిము గోత్రపువారు వచ్చి కలహము పెట్టుకున్నారు. యుద్ధానికి పోయేటప్పుడు మమ్మల్ని ఎందుకు పిలువలేదని వారి కోపము.

గిద్యోను ఏమి అనవచ్చు? ఏడేండ్లు మా పంట పోతుంటే మీరు ఎక్కడున్నారని అడగవచ్చు. గెలిచినాక పేరు కొరకు వచ్చారా అనవచ్చు. అడిగితే అందులో కొంత న్యాయము కూడ ఉండేది. అతడు అట్లా అనలేదు. మిద్యాను అధిపతులైన ఓరేబును, జెయేబును పట్టుకున్నది ఎఫ్రాయిమువారే. గిద్యోను ఆ పనినే ఎత్తి చూపాడు. మీరు చేసినదాని ముందు నేను చేసినది ఏపాటిదని అడిగాడు. ద్రాక్షతోట పోలిక చెప్పి, మా వంశము కోసుకున్న పంటకంటె మీ తోటలో మిగిలిన పరిగె మేలు కదా అన్నాడు. ఆ మాటతో వారి కోపము చల్లారింది. ఒక్క మాటతో ఒక యుద్ధము ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. గిద్యోను వారిని ఉబ్బించడానికి అబద్ధము చెప్పలేదు. ఆ ఇద్దరు అధిపతులను వారు నిజముగానే పట్టుకున్నారు. కోపముతో అరుస్తున్న మనుష్యులలో నిజమైన మంచి ఏమున్నదని అతడు వెదికాడు, దొరికినదానిని వారి ఎదుటనే చెప్పాడు. ముఖస్తుతి వేరు, గౌరవము వేరు. ముఖస్తుతి లేనిదానిని కల్పిస్తుంది. గౌరవము ఉన్నదానిని చూస్తుంది.

ఇప్పుడు పన్నెండవ అధ్యాయానికి రండి. కాలము గడిచింది. గిద్యోను పోయాడు, యెఫ్తా వచ్చాడు. అమ్మోనీయులమీద అతనికి జయము కలిగింది. మరల అదే ఎఫ్రాయిము వచ్చింది, మరల అదే ఫిర్యాదు చేసింది. ఈసారి ఇంకొక మెట్టు ఎక్కి, నీ ఇంటిని నీతో కూడ కాల్చివేస్తామని బెదిరించింది. యెఫ్తా తన వాదము చెప్పాడు. మేము కష్టములో ఉండి మిమ్మల్ని పిలిచాము, మీరు రాలేదు, నేను ప్రాణమునకు తెగించి పోయాను, ఇప్పుడు నాతో పోట్లాటకు ఎందుకు వచ్చారన్నాడు. న్యాయము చూస్తే అతని మాటలో తప్పు దొరకదు. అయితే అంతటితో ఆగలేదు. గిలాదువారిని పారిపోయి వచ్చినవారని ఎఫ్రాయిము ఎగతాళి చేసింది. ఆ మాట గుండెలో దిగింది. యెఫ్తా గిలాదువారినందరినీ కూర్చి యుద్ధానికి దిగాడు. యొర్దాను రేవుల దగ్గర నిలబడి షిబ్బోలెతు అనే ఒక్క మాట పలకమని, పలకలేనివారిని చంపారు. ఆ దినమున ఎఫ్రాయిములో నలభై రెండు వేలమంది చనిపోయారు.

ఆ రక్తమంతా యెఫ్తా ఒక్కడిమీదనే వేయడానికి నేను ఈ మాట చెప్పడము లేదు. బెదిరించినది ఎఫ్రాయిము, ఎగతాళి చేసినది ఎఫ్రాయిము. అయినను రెండు అధ్యాయములను పక్కపక్కన పెట్టి చదవండి. వచ్చిన మనుష్యులు ఆ గోత్రమువారే. ఫిర్యాదు అదే. మారినది జవాబు. ఎటువంటి మనిషి మన గడప ముందుకు వస్తాడనేది మన చేతిలో లేదు. అతనికి ఇచ్చే జవాబు మాత్రము దేవుడు మన నోటికి అప్పగించాడు.

అయితే మర్యాదగా మాట్లాడితే ప్రతిసారీ పని అవుతుందా? కాదు. వాక్యము మనకు అటువంటి ఆశ పెట్టలేదు. మొదటి సమూయేలు ఇరవై ఐదవ అధ్యాయములో దావీదు నాబాలునకు సమాధానము పలికి, అణకువతో కబురు పంపాడు. నాబాలు అవమానపరచి పంపాడు. గిద్యోనే ఎనిమిదవ అధ్యాయములో ముందుకు పోయాక సుక్కోతువారి మాటకు ఓపిక పట్టలేకపోయాడు. కాబట్టి పని అవుతుందని మర్యాద చూపితే, పని కాని రోజున మన మర్యాద కూడ అయిపోతుంది. దానికి ఇంకా లోతైన పునాది కావాలి.

ఆ పునాదిని యాకోబు తన పత్రికలో మూడవ అధ్యాయము తొమ్మిదవ వచనములో చూపుతాడు. ఏ నాలుకతో తండ్రియైన దేవుని స్తుతిస్తున్నామో, అదే నాలుకతో ఆయన పోలికగా పుట్టిన మనుష్యులను శపిస్తున్నామని అతని బాధ. ప్రియులారా, మనలను విసిగించే ఆ మనిషి మంచి ప్రవర్తన చూపినందుకు మనము గౌరవించము. దేవుని పోలిక అతనిమీద ఉన్నందుకు గౌరవిస్తాము. అతని ప్రవర్తన ఆ పోలికను మసకబరచవచ్చు గాని తుడిచివేయలేదు. ఆదివారము ఉదయము గుడిలో పాట పాడిన నోరే సోమవారము నల్లా దగ్గర తిడితే, ఆ పాట సంగతి ఏమైనట్లు?

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. మన నల్గొండ, మహబూబ్‌నగరు ప్రాంతపు సంఘాలలో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యము. “అయ్యగారూ, మా తాతముత్తాతల కాలమునుండి తల వంచుకొని మాట్లాడినోళ్లమే మేము. మర్యాద నేర్చుకోవల్సింది మేమా?” ఇది న్యాయమైన ప్రశ్న. దీనిని దాటవేసి ప్రసంగము చెప్పకూడదు.

రామన్నపేట 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు తరతరాలు నల్గొండ జిల్లాలోనిదే. నిజాం పాలనలో ఈ సీమలో దేశ్‌ముఖులు, జాగీర్దారులు వెట్టి చేయించుకున్నారు. తల నెరసిన మనిషిని గడీలోని చిన్న పిల్లవాడు “ఏరా” అని పిలిచేవాడు. ఆ మనిషి చెప్పులు చేత పట్టుకొని “నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త” అనవలసి వచ్చేది. బాంచెన్ అంటే బానిసను అని అర్థము. పొట్ట కొరకు, ప్రాణము కొరకు మనిషి తన నోటితో తానే అట్లా చెప్పుకోవలసి వచ్చింది. 1944లో మన పక్కనున్న భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగిన తరువాత వెట్టికి ఎదురు తిరిగే సంఘాలు ఊరూరా బలపడ్డాయి. 1946 జూలై 4న, అప్పటి నల్గొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణము పోయింది. 1951 వరకు పోరాటము సాగింది. తరువాత రాజ్యాంగము వెట్టిని, అంటరానితనమును నిషేధించింది. కులము పేరుతో నలుగురిలో అవమానించడము నేరమని 1989లో చట్టము వచ్చింది.

వంగిన నడుము నిలబడడానికి ఇంత ఖర్చయింది. దేవుని వాక్యము ఆ నడుమును మరల వంచమని చెప్పడము లేదు. బాంచెన్ మాట క్రైస్తవ గౌరవము కాదు. ఆ మాట పలికేవానిలో ఉన్న దేవుని పోలికను చిన్నబుచ్చుతుంది. “ఏరా” అనే మాట ఎదుటివానిలో ఉన్న దేవుని పోలికను చిన్నబుచ్చుతుంది. ప్రభువు మనకు మూడవ మార్గము చూపాడు. ఆ మార్గమును చూడాలంటే యోహాను సువార్త పదునెనిమిదవ అధ్యాయానికి రావాలి.

అది రాత్రి సమయము. యేసుప్రభువును బంధించి అన్న ఇంటికి తెచ్చారు. విచారణ జరుగుతున్నది. ఆయన ఇచ్చిన జవాబు నచ్చక, దగ్గర నిలిచిన బంట్రౌతు ఒకడు ఆయనను కొట్టాడు. అప్పుడు ప్రభువు ఏమి చేశాడు? తిట్టలేదు. క్షమించండి దొరా అని కాళ్లమీద పడలేదు. నేను చెప్పినదానిలో చెడు ఉంటే అది ఏదో సాక్ష్యము చెప్పు, మంచిదైతే నన్ను ఎందుకు కొడుతున్నావని అడిగాడు. ఆ ప్రశ్నలో కోపపు బూతు లేదు, భయపు వణుకు లేదు. కొట్టినవానిని కూడ ఆలోచించగలిగిన మనిషిగా ఎంచి ప్రభువు అతనిని కారణము అడిగాడు. గౌరవమంటే ఇది. నిటారుగా నిలబడి, ఎదుటివానిని కూడ మనిషిగానే నిలబెట్టి, సత్యము అడగడము.

అపొస్తలుడైన పౌలు జీవితములో కూడ ఇది కనిపిస్తుంది. ప్రధాన యాజకుడు తనను కొట్టమన్నప్పుడు పౌలు ఘాటుగా తిట్టాడు. అతడు ప్రధాన యాజకుడని తెలిసిన వెంటనే, ప్రజల అధికారిని నిందించవద్దన్న లేఖనమును తానే గుర్తు చేసుకున్నాడు. అపొస్తలుల కార్యములు ఇరవై మూడవ అధ్యాయములో అది ఉన్నది. ఆ తరువాత ఇరవై ఆరవ అధ్యాయములో, సభలో అందరి ముందు ఫేస్తు పౌలును వెర్రివాడవని గట్టిగా అరిచాడు. పౌలు ఆ అధికారిని అతని హోదాకు తగిన పిలుపుతోనే సంబోధించి, నాకు వెర్రి లేదు, నేను సత్యమునే చెప్పుతున్నానన్నాడు. ఒక్క సత్యమునైనా వెనుకకు తీసుకోలేదు, ఒక్క దుర్భాషయైనా ఆడలేదు.

ఇప్పుడు ఇంకొక మాట ప్రేమతో హెచ్చరిస్తున్నాను. ఒకప్పుడు “ఏరా” అని పిలిపించుకున్న ఇండ్లలో పుట్టినవాళ్లము, మనకన్న చిన్నవారు కనిపించగానే మనమే “ఏరా” అంటున్నామా? ఇటుక బట్టీల పనికి ఒడిశానుండి వచ్చిన కూలీకి మన భాష రాదు. ఒకసారి చెప్పినది అర్థము కాకపోతే గొంతు పెంచుతాము, చెవిటివాడా అంటాము. వీధి ఊడ్చే అక్కను, మూటలు మోసే హమాలీని ఏమని పిలుస్తున్నాము? పెద్ద ఉద్యోగి ఎదుట “సార్, సార్” అని, ఆయన అటు తిరగగానే “వాడు”, “గాడు” అని మాట్లాడుకోవడము కూడ మనకు అలవాటే. ఎదుట ఒక మాట, వెనుక ఒక మాట అయితే ఆ ఎదుటి మాట గౌరవము కాదు, భయము. సంఘపు వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట టైపు చేసే మాటలకు కూడ ఇదే లెక్క.

విసిగించే మనిషి నోటి వెనుక ఏమున్నదో కూడ కొంచెము ఆలోచించండి. యోబు గ్రంథము ఆరవ అధ్యాయములో యోబు తన స్నేహితులతో, నా దుఃఖము సముద్రపు ఇసుకకన్న బరువైనది, అందుకే నా మాటలు అదుపు తప్పుతున్నాయని చెప్పుకున్నాడు. మన నల్గొండ ప్రాంతములో ఈ మాట అర్థము చేసుకోవడము కష్టము కాదు. ఎన్నో పల్లెల్లో తరాల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగారు. కీళ్లు బిగుసుకుపోయి, మెడ తిరగక, నడుము వంగిపోయి, రాత్రి నిద్ర లేకుండా గడిపే పెద్దలు ఉన్నారు. 2016లో మిషన్ భగీరథ మొదలై నదుల నీళ్లు పల్లెలకు వచ్చినా, ఎముకల్లో చేరినది వెనుకకు పోదు. అట్లాంటి తాత కసురుకుంటే, ఆ కసురులో సగము నొప్పిది. చెవులు వినరాని అవ్వ ఒకటే మాట మరల మరల అడిగితే, ఆమెకు మన విసుగు వినబడుతుంది గాని మన జవాబు వినబడదు. దగ్గరికి పోయి, ముఖము ముందు నిలబడి, నిదానముగా “అవ్వా” అని పిలిచి చెప్పండి. అది కూడ దేవునికి చేసిన సేవయే.

మరి రేపు ఉదయము మనము ఏమి చేయాలి?

మొదటిది, జవాబుకు ముందు ఆగాలి. వినుటకు త్వరపడుము, మాటలాడుటకు నిదానించుము అన్న భావము యాకోబు పత్రిక మొదటి అధ్యాయములో ఉన్నది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు చాలు. ఆ ఊపిరిలో ప్రభువా అని పిలవండి.

రెండవది, పిలుపును విడిచిపెట్టకూడదు. అన్నా, అక్కా, తాతా, సారూ, మీరు. కోపము రాగానే మొదట జారిపోయేది పిలుపే. పిలుపు జారితే మిగిలిన మాటలు దాని వెంబడి జారుతాయి.

మూడవది, సంగతి మాట్లాడాలి గాని పుట్టుకను, ఇంటిని, ఆడవాళ్లను, రోగమును ఎత్తకూడదు. బిందె సంగతి బిందె దగ్గరనే ఆపాలి. “అక్కా, నా వంతు అయినంక పెట్టుకో” అంటే అది జగడము కాదు.

నాలుగవది, సత్యమును పూర్తిగా చెప్పాలి. గుమాస్తా పని చేయడము లేదనుకోండి. “సారూ, ఇది మూడోసారి వచ్చుడు. ఏ కాయితం తక్కువున్నదో రాసియ్యండ్రి. ఏ తారీఖుకు రావాల్నో చెప్పండ్రి” అని అడగండి. ఇందులో తిట్టు లేదు, బాంచెన్ లేదు. అప్పటికీ కాకపోతే పైఅధికారికి దరఖాస్తు పెట్టండి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము మీది కూడ. చట్టముగా అడగడము అగౌరవము కాదు. పౌలు కూడ తన రోమా పౌరసత్వపు హక్కును అడిగాడు.

అయిదవది, ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థన చేయండి. వారము దినములు ఒక మనిషి కొరకు ప్రార్థన చేస్తూ, ఎనిమిదవ దినమున అతనిని “గాడు” అని పిలవడము కష్టము.

ఒక జాగ్రత్త కూడ చెప్పాలి. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గర దెబ్బలు తింటూ మెత్తగా మాట్లాడమని ఈ వాక్యము చెప్పడము లేదు. కొట్టడమును భరించడము గౌరవము కాదు. సహోదరీ, అక్కడినుండి తప్పుకోండి, సంఘ పెద్దలకు చెప్పండి, చట్టమును ఆశ్రయించండి. గృహహింసనుండి కాపాడడానికి 2005లో చట్టము చేశారు. సంఘ పెద్దలారా, అట్లా వచ్చిన సహోదరిని సర్దుకుపొమ్మని వెనుకకు పంపకండి. ప్రభువు కూడ తనను రాళ్లతో కొట్టబోయిన చోటునుండి తప్పుకొని వెళ్లాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనము ఒకరినొకరము కలుసుకున్నప్పుడు “వందనాలు” అంటాము. పిల్లవాడు పెద్దకు, పెద్ద పిల్లవానికి, చదువుకున్నవాడు చదువులేనివానికి అదే మాట చెబుతాడు. దొర దగ్గర బాంచెన్ అనవలసి వచ్చిన మన పెద్దలకు సంఘములో ఈ మాట దొరికినప్పుడు అది ఎంత గొప్ప విడుదలయో ఆలోచించండి. ఆ మాటను గుడి గడపవరకే ఉంచుకోకండి. నల్లా దగ్గరికి, గెట్టు దగ్గరికి, ఆఫీసు కిటికీ దగ్గరికి తీసుకుపోండి. ప్రసంగము మొదట్లో మీకు కనిపించిన ఆ ముఖమునకు ఈ వారము దానిని చెప్పండి. ఆ మనిషి మారినా మారకపోయినా, మీ నోరు దేవుని స్తుతించడానికి శుభ్రముగా ఉంటుంది.

తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాము.

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మమ్మల్ని విసిగించేవారిని నీ ఎదుట పేరు పేరునా జ్ఞాపకము చేసుకుంటున్నాము. నీవు మాపట్ల ఎంత ఓపిక పట్టావో మాకు చూపించుము. మా నోటినుండి శాపమును తీసివేయుము, మా గుండెలోనుండి భయమును కూడ తీసివేయుము. అవమానము పొందినవారికి నిటారుగా నిలబడే ధైర్యమును, అధికారము పొందినవారికి అణకువను దయచేయుము. నొప్పితో మాట్లాడే పెద్దలకు నెమ్మదినిమ్ము. దెబ్బలు తింటున్న సహోదరీలకు ఆశ్రయము చూపుము. బంట్రౌతు ఎదుట నీ కుమారుడు పలికినట్లు సత్యమును సాత్వికముతో పలుకుటకు మాకు నీ ఆత్మను అనుగ్రహించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.